జలుబు మాత్రకు ముందు అడగాల్సిన ప్రశ్నలు

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృత్యర్థం మదనపల్లెలో చేసిన ఉపన్యాస పాఠం)



యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరున జరిగే సభలో సాధారణంగా పెద్ద విషయాలే మాట్లాడతారు. ఫోలిక్ ఆమ్లం, కేన్సర్‌కు తొలి మందులు, ఆరియోమైసిన్, ఒంట్లో శక్తి ఎలా నిల్వ ఉంటుందో చెప్పిన పరిశోధన, వీటిలో ఏ ఒక్కటైనా ఒక మనిషి పేరు నిలబెట్టడానికి చాలు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌లోనూ ఆ తర్వాత లెడర్లీ ప్రయోగశాలల్లోనూ రాత్రింబవళ్ళు పనిచేసి, 1948 ఆగస్టులో 53 ఏళ్ళకే కన్నుమూసిన ఆయన ఇవన్నీ చేశారు. నేను మాత్రం ఈ రోజు చాలా మామూలు విషయం ఎంచుకున్నాను. పడిశం పట్టినప్పుడు, తుమ్ములు ఆగనప్పుడు, ముక్కు దిబ్బడ వేసినప్పుడు మనం అంగడికి పోయి తెచ్చుకునే మాత్ర గురించి మాట్లాడతాను. ఆ మాత్ర వేసుకునే ముందు ఏం చూసుకోవాలి, ఎవరిని అడగాలి, ఎవరు అసలు వేసుకోకూడదు అన్నదే నా విషయం. దీన్ని సుబ్బారావుగారి సభలో చెప్పడానికి ఒక కారణముంది. ఆ కారణం ఈ ఊళ్ళోనే, ఆరోగ్యవరంలోనే ఉంది.

ఆరోగ్యవరం నేర్పిన పాఠం

డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ సారథ్యంలో 1915లో ఇక్కడ యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం మొదలైంది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, పొడి గాలి, ఎండకు మరీ మండిపోని వాతావరణం చూసి ఈ చోటు ఎంచుకున్నారు. క్షయ క్రిమిని చంపే మందు అప్పటికి లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఓపికగా కనిపెట్టుకుని ఉండడం, ఇవే చికిత్స. దక్షిణ దేశం నలుమూలల నుంచి రోగులు వచ్చేవాళ్ళు.

వాళ్ళలో కొందరి తీరు డాక్టర్లకు అంతుపట్టలేదు. రాత్రిపూట ఎక్కువయ్యే దగ్గు, ఆయాసం, పిల్లికూతలు, సన్నటి జ్వరం, బరువు తగ్గడం కనిపించేవి. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న మచ్చలు. చూసినవాళ్ళెవరైనా క్షయే అనుకుంటారు. కానీ కళ్ళె ఎన్నిసార్లు పరీక్షించినా క్షయ క్రిమి దొరకలేదు. రక్తం చూస్తే ఈసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగి ఉన్నాయి. 1940లో ఫ్రిమాట్ మోలర్, ఆయన సహచరుడు బార్టన్ కలిసి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఈ సంగతి రాశారు. క్షయలా కనిపిస్తూ క్షయ కాని జబ్బు ఒకటుందని, దానితోపాటు ఈసినోఫిల్స్ పెరుగుతాయని చెప్పారు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దానికి ట్రాపికల్ ఈసినోఫీలియా అని పేరు పెట్టారు. దోమ కాటుతో ఒంట్లో చేరే ఫైలేరియా క్రిముల మీద ఊపిరితిత్తులు అతిగా తిరగబడడమే ఆ జబ్బని తర్వాత తేలింది. అంటే అది కూడా ఒక రకం ఎలర్జీయే.

దానికి మందు ఎక్కడి నుంచి వచ్చింది? 1947లో లెడర్లీలో సుబ్బారావుగారి బృందం ఫైలేరియా మీద పనిచేసే డైఇథైల్‌కార్బమజైన్‌ను వెలికితీసింది. హెట్రజాన్ పేరుతో అది లోకానికి తెలిసింది. 1950లు వచ్చేసరికి అదే మందు ఈ మొండి దగ్గుకూ వాడడం మొదలైంది. మదనపల్లెలో గుర్తుపట్టిన జబ్బుకు భీమవరంలో పుట్టిన మనిషి ప్రయోగశాల నుంచి మందు దొరికింది. నేటికీ ఆ జబ్బుకు ఇచ్చేది ఆ మందే.

ఇందులో మనకు కావలసిన పాఠం ఏమిటంటే, ఆరోగ్యవరం వైద్యులు క్షయ అన్న పేరుతో వచ్చిన మనిషిని క్షయరోగి అనుకుని వదిలేయలేదు. ఇది అదేనా కాదా అని అడిగారు. కళ్ళె చూశారు, రక్తం చూశారు, మళ్ళీ చూశారు. చికిత్సకు ముందు ప్రశ్న వేశారు. అప్పట్లో ఆ ప్రశ్న వేయడానికి శానిటోరియం కావలసి వచ్చింది. ఈ రోజు జలుబు మాత్రకు ముందు వేయాల్సిన ప్రశ్నలను మనలో ప్రతి ఒక్కరూ వేసుకోవచ్చు. చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు వేసి చెప్పవచ్చు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఇదే: ముక్కు కోసం వేసుకున్న మాత్ర ముక్కుతో ఆగదు, ఒళ్ళంతా తిరుగుతుంది. కాబట్టి ఒళ్ళంతటి సంగతీ చూసుకున్నాకే దాన్ని మింగాలి.

కత్తిరించిన షీటు

సాయంత్రం పూట మన మెడికల్ షాపుల ముందు నిలబడితే ఈ మాట రోజూ వినపడుతుంది. "అన్నా, పడిశం పట్టుండాది, రాత్రంతా నిద్దర్లేదు. రెండు మాత్రలియ్యన్నా." అంగడాయన పదిమాత్రల షీటు తీసి, కత్తెరతో రెండు మాత్రలు కత్తిరించి, చిన్న కవర్లో వేసి ఇస్తాడు. ఇద్దరికీ పని త్వరగా అయిపోతుంది. కానీ ఆ కత్తిరింపులో ఏం పోయిందో చూడండి. మందు పేరు సగం తెగిపోయింది. ఏ మందు ఎంత ఉందో రాసిన వరుస అంగట్లో మిగిలిన ముక్క మీద ఉండిపోయింది. గడువు తేదీ అటువైపు చివర ఉంది. ఎర్రటి పెట్టెలో రాసిన హెచ్చరిక పోయింది. ఇంటికి వచ్చిన ముక్క మీద మిగిలింది వెండి రంగు రేకు ఒక్కటే.

కత్తిరించని షీటును చేతిలోకి తీసుకుని చదివితే, మామూలు జలుబు మాత్రలో సాధారణంగా మూడు మందులు కనపడతాయి. క్లోర్‌ఫెనిరమైన్ 2 మిల్లీగ్రాములు, ఫినైల్‌ఎఫ్రిన్ 10 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు. కొన్నింటిలో కెఫీన్ కూడా ఉంటుంది. మొదటిది తుమ్ములకు, ముక్కు కారడానికి. రెండోది దిబ్బడకు. మూడోది జ్వరానికి, ఒళ్ళు నొప్పులకు. మనకు ఉన్నది ఒక్క తుమ్ములే అయినా మూడూ కలిసే లోపలికి పోతాయి. ఇలాంటి కలగలుపు మందుల్లో అవసరం లేనివి, హాని చేసేవి చాలా ఉన్నాయని గుర్తించే కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో 156 రకాలను నిషేధించింది. జలుబుకూ ఎలర్జీకీ అమ్ముతున్న రకాలు కూడా వాటిలో ఉన్నాయి.

తుమ్ముల మందు ఎలా పనిచేస్తుందో చెబుతాను. దుమ్మో, పుప్పొడో ముక్కులో చేరినప్పుడు ఎలర్జీ ఉన్నవాళ్ళ ఒంట్లో హిస్టమిన్ విడుదలవుతుంది. దురద, తుమ్ములు, కళ్ళ నీళ్ళు, దద్దుర్లు దాని వల్లనే. హిస్టమిన్ తగులుకునే చోటును ముందే ఆక్రమించి అడ్డుకునేవి యాంటీహిస్టమిన్లు. ఈ దారి 1937లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డేనియల్ బోవే బృందం చూపింది. ఆయనకు 1957లో నోబెల్ బహుమతి వచ్చింది. పాతతరం మందులైన క్లోర్‌ఫెనిరమైన్, అవిల్ అని మనం పిలిచే ఫెనిరమైన్, ప్రోమెథజీన్ మెదడులోకి కూడా పోతాయి. అందుకే నిద్ర ముంచుకొస్తుంది. ముక్కు నీరు ఆగినట్టే నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, మూత్రం పట్టేస్తుంది. కొత్తతరం మందులైన సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ మెదడులోకి తక్కువ పోతాయి. వాటిలో కూడా సెటిరిజిన్‌తో కొందరికి మత్తు వస్తుంది.

దిబ్బడ మందు దారి వేరు. ముక్కు మూసుకుపోయేది చీమిడితో మాత్రమే కాదు. లోపలి పొరలో రక్తనాళాలు ఉబ్బి దారి ఇరుకవుతుంది. ఫినైల్‌ఎఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ లాంటివి ఆ నాళాలను ముడుచుకునేలా చేస్తాయి. మాత్రగా మింగినప్పుడు అవి ముక్కులోని నాళాలను వెతుక్కుంటూ పోవు. ఒంట్లోని మిగతా నాళాలనూ బిగిస్తాయి. బీపీ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది.

వేసుకునేది ఎవరు?

మొదటి ప్రశ్న ఇదే. బీపీ అదుపులో లేనివాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, పక్షవాతం వచ్చి తగ్గినవాళ్ళు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నవాళ్ళు దిబ్బడ మాత్రను డాక్టరును అడగకుండా తాకకూడదు. ఫినైల్‌ప్రొపనోలమైన్ అనే మందు చరిత్ర చూస్తే ఇది ఎంత గట్టి మాటో తెలుస్తుంది. దశాబ్దాలపాటు అది జలుబు మాత్రల్లో ఉండేది. దానితో మెదడులో రక్తస్రావం ముప్పు, ముఖ్యంగా ఆడవాళ్ళలో, పెరుగుతోందని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చాక 2000 నవంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది. మన దేశంలో నిషేధపు ఉత్తర్వు వచ్చింది 2011 ఫిబ్రవరిలో. పదేళ్ళకు పైగా అక్కడ వద్దన్న మందును ఇక్కడ జలుబుకు మింగుతూనే ఉన్నాం. చట్టం వచ్చేదాకా మన జాగ్రత్త మనదే అని ఆ పదేళ్ళూ చెబుతున్నాయి.

షుగర్ ఉన్నవాళ్ళు కూడా అడగాలి. మూత్రపిండాలు బలహీనపడినవాళ్ళకు సెటిరిజిన్ మోతాదు తగ్గించాలి. గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, దిబ్బడ మాత్రల జోలికి పోకూడదు. పాలిచ్చే తల్లికి సూడోఎఫెడ్రిన్‌తో పాలు తగ్గే అవకాశం ఉంది. నెల తప్పిందో లేదో తేల్చుకోని రోజుల్లో కూడా ఈ జాగ్రత్త కావాలి. ఆ మాట అంగట్లో నలుగురి ముందు చెప్పడానికి ఆడబిడ్డలు మొహమాటపడతారు. కాబట్టి పక్కకు పిలిచి అడగడం అంగడివాళ్ళ బాధ్యత.

మన ఇంటి పెద్దవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. అరవై దాటిన మగవాళ్ళలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం కష్టంగా వచ్చేవాళ్ళు ఎంతోమంది. నాయన పైకి చెప్పడు, కొడుకు అడగడు. పడిశానికని పాతతరం మాత్ర వేస్తే అర్ధరాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. పొత్తికడుపు ఉబ్బి, బాధతో మెలికలు తిరుగుతున్న పెద్దాయన్ను పల్లె నుంచి ఆటోలో ఆసుపత్రికి తేవాల్సి వస్తుంది. కంటి ఒత్తిడి ఎక్కువయ్యే ఒక రకం గ్లాకోమా ఉన్నవాళ్ళకు ఇదే మాత్రతో కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి వచ్చి, చూపుకే ముప్పు వస్తుంది. ముసలితనంలో ఈ మందుల మత్తుతో మనిషి తికమకపడతాడు, రాత్రి లేచి తూలి పడతాడు. తుంటి ఎముక విరిగితే ఆ ఇంటి బతుకే తలకిందులవుతుంది.

ఇక పసిపిల్లలు. ఇక్కడ నేను గొంతు పెంచి చెప్పక తప్పదు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని, ఆ మాట సీసా మీద రాయాలని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. దగ్గు, జలుబు అని తాపిన సిరప్‌తో మూత్రపిండాలు చెడి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఐదేళ్ళలోపువాళ్ళే. ఆ సిరప్ మనకు పొరుగునే ఉన్న తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైంది. పరీక్షిస్తే అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం తేలింది. ఉండదగిన హద్దు 0.1 శాతం. విషం కలిసింది ఫ్యాక్టరీలో. ఆ నేరం తల్లిదండ్రులది కానే కాదు. అయితే ఆ సిరప్‌లో ఉండాల్సిన అసలు మందులేమిటి? పారాసిటమాల్, క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్. నాలుగేళ్ళలోపు బిడ్డకు ఇవ్వవద్దని అంతకు దాదాపు రెండేళ్ళ కిందటే చెప్పిన కలయిక. ఆ ఒక్క ఆదేశం ప్రతి ఆసుపత్రిలో, ప్రతి అంగట్లో పాటించి ఉంటే ఆ పసివాళ్ళలో ఎంతమంది ఆ సీసా దరిదాపులకు పోకుండా ఉండేవాళ్ళో తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ మళ్ళీ చెప్పింది: రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు, ఐదేళ్ళలోపు వాళ్ళకు సాధారణంగా అవసరం లేదు. పిల్లల పడిశం చాలావరకు వైరస్ వల్ల వచ్చేది, దానంతట అదే తగ్గుతుంది. తల్లిపాలు, గోరువెచ్చని ద్రవాలు, ముక్కులో ఉప్పునీటి చుక్కలు, విశ్రాంతి చాలు. ఏడాది నిండిన బిడ్డకు దగ్గుంటే కాస్త తేనె ఇవ్వవచ్చు. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించకూడదు. బిడ్డ ఎగశ్వాస తీస్తున్నా, పాలు మానేసినా, మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

వేసుకున్నాక చేసే పని ఏమిటి?

ఇది మదనపల్లెకు ప్రత్యేకంగా చెప్పాల్సిన ప్రశ్న. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో మనది ఒకటి. సీజన్లో రాత్రింబవళ్ళు లారీలు బయలుదేరుతూనే ఉంటాయి. మార్కెట్ యార్డులో దుమ్ము, గడ్డి నలుసులు, డీజిల్ పొగ. డ్రైవరుకు తుమ్ములు పట్టుకుంటాయి. ఒక అవిల్ మాత్ర వేసుకుని స్టీరింగ్ పడతాడు. తిరుపతి వైపు పోతే భాకరాపేట ఘాటు, చిత్తూరు వైపు పోతే మొగిలి ఘాటు. ఆ మలుపుల్లో బ్రేకు మీద కాలు ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమవుతుందో మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

చాలామంది అనుకునేది, "నిద్ర రాలేదంటే మత్తు లేనట్టే" అని. అది నిజం కాదు. కళ్ళు తెరుచుకునే ఉన్నా చూసింది గ్రహించి చెయ్యి కదిపే వేగం తగ్గిపోతుంది, ఆ సంగతి మనిషికే తెలియదు. క్లోర్‌ఫెనిరమైన్ వేసుకుని సుమారు 20 గంటలైనా సగం మందు ఒంట్లోనే ఉండిపోవచ్చు. అంటే రాత్రి వేసుకున్న మాత్ర మర్నాడు పొద్దున బండి తోలేటప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. దానికి మద్యం తోడైతే మత్తు ఇంకా పెరుగుతుంది. లారీ, బస్సు, ఆటో తోలేవాళ్ళు, మరమగ్గం దగ్గర పనిచేసేవాళ్ళు, కుప్పం వైపు గ్రానైట్ కోసే యంత్రాల దగ్గర నిలబడేవాళ్ళు, బావిమీద మోటార్లు దించే రైతులు అంగట్లో మొదటి మాటగా తమ పని ఏమిటో చెప్పాలి. "అన్నా, నేను డ్రైవర్ని, మత్తు రానిది కావాల" అని అడగడం అలవాటు చేసుకోవాలి. ఫెక్సోఫెనడిన్ లాంటివి వాళ్ళకు నయం. ఏ కొత్త మాత్రనైనా మొదటిసారి ఇంట్లో, పని లేని రాత్రి వేసుకుని చూడాలి.

ఇంకా ఏమేం వాడుతున్నారు?

జలుబు మాత్రలో పారాసిటమాల్ ఉందని తెలియక, జ్వరానికి వేరేగా 650 మాత్ర వేసుకునేవాళ్ళు ఇంటికొకరు. లెక్క చూడండి. రోజుకు నాలుగు జలుబు మాత్రలంటే 2,000 మిల్లీగ్రాములు. నాలుగు 650 మాత్రలంటే 2,600. మొత్తం 4,600. పెద్దవాళ్ళకు రోజుకు గరిష్ఠ హద్దు 4,000 మిల్లీగ్రాములు. తాగుడు అలవాటు ఉన్నవాళ్ళకు, కాలేయం దెబ్బతిన్నవాళ్ళకు ఆ హద్దు ఇంకా తక్కువ. పారాసిటమాల్ మోతాదు మీరితే కాలేయం చెడిపోతుంది, కానీ మొదటి రోజున ఏ బాధా తెలియకపోవచ్చు.

క్షయ చికిత్సకు పేరుపొందిన ఊరు కాబట్టి ఇంకో మాట. మందులకు లొంగని క్షయకు వాడే వాటిలో లినెజోలిడ్ ఒకటి. లినెజోలిడ్ వాడుతున్నవాళ్ళు సూడోఎఫెడ్రిన్ లాంటి దిబ్బడ మందు వేసుకుంటే బీపీ ఉన్నట్టుండి ఎగబాకే ప్రమాదముంది. మానసిక కుంగుబాటుకు వాడే కొన్ని పాత మందులతోనూ అంతే; వాటిని మానిన రెండు వారాల దాకా ఆ ముప్పు ఉంటుంది. నిద్రమాత్రలు, మూర్ఛ మందులు, నొప్పులకు వాడే గట్టి మందులు ఉన్నవాళ్ళకు యాంటీహిస్టమిన్ మత్తు పెరుగుతుంది. ఫెక్సోఫెనడిన్‌ను పళ్ళరసంతో వేసుకుంటే అది ఒంటికి సరిగా పట్టదు, నీళ్ళతోనే మింగాలి. కడుపు మంటకు తాగే అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన గ్యాస్ మందుతో కలిపి వేసుకోకూడదు.

లెవోసెటిరిజిన్‌తో మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర ఇప్పుడు చీటీ లేకుండానే చేతులు మారుతోంది. మాంటెలుకాస్ట్‌తో కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020 మార్చిలో అమెరికా ఔషధ సంస్థ అన్నిటికంటే గట్టి హెచ్చరిక పెట్టించింది. మామూలు ముక్కు ఎలర్జీకి మిగతా మందులు పనిచేయనప్పుడే వాడమంది. ఈ మాత్ర వేసుకుంటున్న పిల్లవాడు ఒక్కసారిగా ముభావంగా మారితే, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తుంటే, తల్లిదండ్రులు దాన్ని పరీక్షల భయంగా కొట్టిపారేయకుండా డాక్టరుకు చెప్పాలి.

పల్లెల్లో ఎలర్జీకి సూది వేయించుకునే అలవాటు ఉంది. "ఒక్క సూదితో పోయిందబ్బా" అని సంతోషిస్తారు. చాలాసార్లు ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటుంది. అవసరమైన చోట స్టెరాయిడ్ ప్రాణం నిలిపే మందు, కాదనను. పేరు చెప్పకుండా, పదే పదే, తుమ్ములకు వేస్తే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ఒంట్లో అణిగి ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు. సూది వేసే ప్రతి చేతినీ అందులో ఏముందని అడిగే హక్కు మనకుంది.

ఎన్ని రోజులు? అసలు పనిచేస్తుందా?

ముక్కులో వేసుకునే జైలోమెటజొలిన్, ఆక్సీమెటజొలిన్ చుక్కలు నిమిషాల్లో దారి తెరుస్తాయి. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు. అంతకుమించి వాడితే మందు ప్రభావం దిగగానే ముక్కు ముందుకంటే ఎక్కువగా మూసుకుపోతుంది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ దిబ్బడ. జేబులో ఆ సీసా లేకుండా నిద్రపోలేని మనుషులున్నారు. వాళ్ళు చెవి ముక్కు గొంతు డాక్టరును కలిస్తే దీని నుంచి బయటపడే దారి ఉంది. ఆ సీసా పిల్లలకు అందకూడదు. కొద్దిగా మింగినా పసిపిల్లలు మగతలోకి పోయి ఊపిరి మందగించవచ్చు.

మాత్రలో ఉండే ఫినైల్‌ఎఫ్రిన్ గురించి ఒక నిజం అందరికీ తెలియాలి. మింగిన ఫినైల్‌ఎఫ్రిన్‌లో ఎక్కువ భాగం పేగుల్లో, కాలేయంలోనే విరిగిపోతుంది. మామూలు మోతాదులో అది దిబ్బడను తగ్గించదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. 2024 నవంబరులో ఆ సంస్థ మింగే మందుల్లోంచి దాన్ని తొలగించాలని ప్రతిపాదించింది. లాభం లేదని తేలిన మందు కోసం బీపీ ఉన్న మనిషి గుండెను పణంగా పెట్టడం ఎందుకు?

ఇది ఎలర్జీయేనా?

1940లో ఆరోగ్యవరంలో వేసిన ప్రశ్నను ఈ రోజు మనం తిప్పి వేసుకోవాలి. వాళ్ళు క్షయలా కనిపించే ఎలర్జీని పట్టుకున్నారు. మనం ఎలర్జీ అనుకుంటున్న క్షయను పట్టుకోవాలి. తుమ్మినా దగ్గినా ఈసినోఫీలియా అనేసి మాత్రలు మింగుతూ నెలలు గడిపేవాళ్ళు మన మధ్య ఉన్నారు. దగ్గు రెండు వారాలు దాటితే, సాయంత్రం జ్వరం వస్తుంటే, బరువు తగ్గుతుంటే, కళ్ళెలో రక్తం కనిపిస్తే కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం. పిల్లికూతలు, ఆయాసం ఉంటే అది ఉబ్బసం కావచ్చు. దానికి పీల్చే మందు కావాలి, జలుబు మాత్రతో కాలం గడపకూడదు.

కందిరీగ కుట్టినా, ఏదైనా సూది లేదా తిండి పడకపోయినా ఒళ్ళంతా దద్దుర్లతోపాటు పెదాలు, నాలుక వాచి, ఊపిరి అందక, కళ్ళు తిరిగితే అది ప్రాణాపాయం. అప్పుడు అవిల్ కోసం అంగడికి పరిగెత్తితే సమయం పోతుంది. తొడ కండలోకి వెంటనే వేసే అడ్రినలిన్ సూదే ప్రాణం కాపాడుతుంది. 108కి ఫోన్ చేసి, మనిషిని పడుకోబెట్టి, దగ్గరి ఆసుపత్రికి చేర్చాలి.

ఎలర్జీయే అని తేలితే కారణాన్ని వెతకాలి. మన చేల గట్ల మీద, రోడ్ల పక్కన విరగబూసే వయ్యారిభామ పుప్పొడి, పరుపుల్లో చేరే కంటికి కనిపించని పురుగులు, బొద్దింకలు, పట్టు పురుగుల పెంపకంలో పట్టు సీతాకోకచిలకల రెక్కల నుంచి రాలే పొడి, ఇవన్నీ ఇక్కడి ముక్కులకు తగిలేవే. పువ్వు రాకముందే కలుపు పీకడం, పనిలో మాస్కు కట్టుకోవడం, ఇల్లు పొడిగా ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవడం, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకడం, కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవడం, వీటికి ఖర్చు తక్కువ. రోజూ బాధపడేవాళ్ళకు డాక్టరు రాసే స్టెరాయిడ్ ముక్కు స్ప్రే మాత్రల కంటే బాగా పనిచేస్తుంది. మోతాదు తక్కువ, పనిచేసేది ముక్కులోనే కాబట్టి సూదిలా ఒళ్ళంతా పాకదు.

మనం చేయాల్సింది

మెడికల్ షాపుల మిత్రులను మొదట వేడుకుంటున్నాను. 1945 నాటి ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ జి అని ఒక జాబితా ఉంది. యాంటీహిస్టమిన్లు అందులో ఉన్నాయి. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా వాడడం ప్రమాదమని వాటి మీద రాయాలన్నది నిబంధన. మీ కత్తెర ఆ అక్షరాలను కత్తిరించకూడదు. షీటు మొత్తం ఇవ్వలేకపోతే కవరు మీద మందు పేరు, మోతాదు, గడువు తేదీ రాసి ఇవ్వండి. "బీపీ ఉందా? వయసెంత? బండి తోలతారా? ఇంకేం మందులు వాడుతున్నారు?" అని అడగండి. అర నిమిషం పడుతుంది.

డాక్టర్లను, నర్సులను కోరేది, మందు పడక ఏదైనా జరిగితే దాచకుండా నమోదు చేయండి. ఔషధ దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. 1800-180-3024 నంబరుకు మామూలు మనుషులు కూడా ఫోన్ చేసి చెప్పవచ్చు. ఫినైల్‌ప్రొపనోలమైన్ ముప్పు బయటపడింది, ఎక్కడో ఎవరో జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం వల్లనే.

ఇళ్ళలో మీరు చేయాల్సింది ఒక కాగితం రాసుకోవడం. ఇంట్లో ఎవరికి బీపీ, ఎవరికి షుగర్, ఎవరికి ప్రోస్టేట్, ఎవరికి ఏ మందు పడదు, ఎవరు రోజూ ఏం వాడుతున్నారు, అన్నీ ఒకే కాగితం మీద తెలుగులో రాసి, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. అంగడికి పోయినప్పుడు ముందు అది చూపించండి, తర్వాతే మాత్ర అడగండి. ఇక్కడున్న విద్యార్థులు తమ ఊళ్ళో చదువురాని పది ఇళ్ళకు పోయి ఆ కాగితం రాసిపెడితే, సుబ్బారావుగారికి అంతకు మించిన నివాళి నేను ఊహించలేను. ఆయన ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే జబ్బుకు పోగొట్టుకున్నారు. ఆ జబ్బుకు పనికివచ్చిన ఫోలిక్ ఆమ్లం తయారీకి తర్వాత తానే సారథ్యం వహించారు. తన ఇంట్లో పడిన దెబ్బను ఊరందరి ఇళ్ళకూ తగలకుండా చేయడం ఆయన జీవితం. మందు కనిపెట్టే శక్తి మనలో చాలా కొద్దిమందికే ఉంటుంది. ఉన్న మందు మన మనుషులకు కీడు చేయకుండా చూసే శక్తి మాత్రం ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉంది. ఈ చలికాలం పడిశాల నుంచే ఆ పని మొదలుపెడదాం.